హ్యాంగరు మార్చాలా, దానికి తొడిగేవి మార్చాలా? విజయవాడ, గుంటూరు లాండ్రీ, డ్రై క్లీనింగ్ దుకాణాలకు ఎంపిక సలహా

ప్యాంటుకు మోకాలి దగ్గర అడ్డంగా పడిన మడత, కోటు భుజం మీద కొమ్ములా లేచిన ఉబ్బు, తెల్లచొక్కా మెడ లోపల సన్నని తుప్పు గీత, కొక్కెం గీసుకుని చిరిగిపోయిన కవరు: ఖాతాదారుడు కౌంటరు మీద పరిచి చూపించే ఈ లోపాలు ఉతుకులో పుట్టినవి కావు, ఇస్త్రీలో పుట్టినవీ కావు. బట్ట తయారైన తరువాత, యజమాని చేతికి అందేలోగా, హ్యాంగరు మీద గడిపిన సమయంలో పుట్టినవి. ఇవి వరుసగా నాలుగైదు ఎదురయ్యేసరికి దుకాణదారుకు మొదట తట్టేది తీగ హ్యాంగర్లు తీసేసి చెక్కవో, వెల్వెట్ పూత ఉన్నవో తెప్పించాలన్న ఆలోచన. నా ఉద్దేశంలో అది డబ్బు ఎక్కువ తిని ఫలితం తక్కువ ఇచ్చే దారి. తగిన మందం ఉన్న తీగ హ్యాంగరును అలాగే ఉంచి, దాని అడుగు కడ్డీకి, భుజాలకు, మెడకు తొడిగే చిన్న సామగ్రిని బట్టను బట్టి ఎంచుకుంటే, అంతకన్నా చాలా తక్కువ ఖర్చుతో పై లోపాలలో దాదాపు అన్నీ తొలగిపోతాయి.

ఎంపికకు ముందు ప్రతి దుకాణమూ తనకు తాను వేసుకోవలసిన ప్రశ్నలు మూడు. వచ్చే బట్టల బరువు ఎంత? తయారైన బట్ట దుకాణంలో ఎన్నాళ్లు వేలాడుతుంది? ఇచ్చిన హ్యాంగరు తిరిగి వస్తుందా, ఖాతాదారుడి బీరువాలోనే ఉండిపోతుందా? మన రెండు ఊళ్లలోనూ సూట్లు వేసుకునే చలికాలం అంటూ లేదు. కోట్లు, షేర్వానీలు పెళ్లిళ్ల రోజుల్లోనే వస్తాయి, పెళ్లి అయిపోయాక వాటిని తీసుకువెళ్లడానికి ఎవరికీ తొందర ఉండదు. మిగిలిన సంవత్సరమంతా నూలు చొక్కాలు, ప్యాంట్లు, పట్టుచీరలు, గంజి పెట్టిన తెల్లబట్టలదే రాజ్యం. చల్లని ఊళ్ల దుకాణాల కోసం రాసిన సలహాలు ఇక్కడ అంతగా పనికిరాకపోవడానికి ఇదే కారణం.

ముందుగా తీగ సంగతి

తొడుగులు ఎంత మంచివైనా తీగ వంగిపోతే ప్రయోజనం లేదు. తీగ మందాన్ని గేజిలలో చెబుతారు, గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుంది. బజారులో దొరికే హ్యాంగర్లలో 14 గేజి తీగ మందం సుమారు 2.03 మిల్లీమీటర్లు, 13 గేజి తీగ మందం సుమారు 2.34 మిల్లీమీటర్లు ఉంటుంది. చూడడానికి ఈ తేడా కంటికి ఆనదు. కానీ గుండ్రటి తీగ వంగకుండా నిలిచే శక్తి దాని మందం నాలుగో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, 13 గేజికి ఉక్కు మూడో వంతు మాత్రమే ఎక్కువ పట్టినా గట్టిదనం ముప్పాతిక వంతుకు పైగా పెరుగుతుంది. చొక్కాలకు 14 గేజి చాలు. కోట్లకు, జీన్సు ప్యాంట్లకు, చీరలకు 13 గేజి తీసుకోవడం మేలు. 16 గేజి హ్యాంగరు, అంటే 1.63 మిల్లీమీటర్ల తీగ, ధరలో ఆకర్షణీయంగానే కనిపిస్తుంది కానీ తడి ఇంకా పూర్తిగా ఆరని ప్యాంటు బరువుకే నడుము వంచేస్తుంది; దానికి ఏ తొడుగు వేసినా వృథాయే.

పూతలలో జింకు పూత, పౌడర్ కోటింగ్ అనే రెండింటి మధ్యే అసలు పోటీ. జింకు పూతకు చిన్న గీత పడినా చుట్టుపక్కల జింకు తాను ముందుగా కరిగిపోతూ ఉక్కును కొంతకాలం కాపాడుతుంది. పౌడర్ కోటింగ్ నునుపుగా, రంగురంగులుగా ఉంటుంది, బట్టకు మరక అంటనివ్వదు. అయితే ఒకచోట పెచ్చు లేచిందంటే అక్కడి నుంచి తేమ పూత కిందికి పాకి తుప్పును లోలోపల పెంచుతుంది. తుప్పు ఎక్కువగా మొదలయ్యే చోట్లు రెండు: బట్టలు వేలాడదీసే పట్టీ మీద రుద్దుకునే కొక్కెం లోపలి వంపు, రెండు తీగలు మెలిపడే మెడ. కొక్కెం వంపు బట్టకు తగలదు కాబట్టి దాని గురించి బెంగ అక్కరలేదు. మెడ మెలిక చొక్కా కాలరు లోపలికి సరిగ్గా ఆనుకుంటుంది, ఆవిరి ఇస్త్రీ చేసిన బట్టలోని తేమ ఆ మెలిక సందుల్లోనే నిలుస్తుంది. ఈ ఒక్క చోటుకు వేడి చేస్తే బిగుసుకునే సన్నని ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడిగితే చాలు. ఎలక్ట్రికల్ దుకాణాల్లో వైర్ల అతుకులకు వాడేది ఇదే. వర్షాకాలంలో గాలి ఎప్పుడూ చెమ్మగా ఉండే కృష్ణ ఒడ్డు పేటల్లోని దుకాణాలకు తుప్పు విషయంలో ఇంతకన్నా చౌకైన మందు లేదు. తుప్పు మరక పడ్డాక బ్లీచింగ్ ద్రావణం వేయడం మరకను ఇంకా ముదరబెట్టడమే అవుతుందని, దానికి ఆక్సాలిక్ ఆమ్లం వంటివి కావాలని ఈ పని చేసేవారందరికీ తెలుసు. ఆ పరిస్థితి రానివ్వకపోవడమే లాభం.

వంగిపోయి తిరిగివచ్చిన పాత హ్యాంగర్లను ఆటోనగర్ వంటి చోట్ల మళ్లీ పూత వేయించుకుందామనే ఆలోచన కొందరికి వస్తుంది. వంపులు సరిచేసి, పాత తుప్పు గీకించి, పొయ్యిలో కాల్చి పూత వేయించే కూలితో కొత్త హ్యాంగర్లే వస్తాయి కనుక, ప్రత్యేకమైన ఆకారంలో చేయించుకున్న బరువైన హ్యాంగర్లకు తప్ప ఆ పని లాభసాటి కాదు.

అడుగు కడ్డీ: అసలు లాభం ఉన్న చోటు

ప్యాంటుకు పడే అడ్డమడతకు కారణం తీగ సన్నదనం. రెండు మిల్లీమీటర్ల అంచు మీద ప్యాంటు బరువంతా పడితే ఆ గీత వెంట నూలు నలిగిపోతుంది. అదే బరువును వెడల్పైన గుండ్రటి ఒంపు మీద పంచితే నలుగు పడదు. అడుగు కడ్డీకి అట్ట గొట్టం అమర్చిన హ్యాంగరును 1935లో అమెరికాలో ఎల్మర్ డి. రోజర్స్ రూపొందించింది ఇందుకే. నేటికీ డ్రై క్లీనింగ్ దుకాణాల్లో ఆ పద్ధతే నడుస్తోంది. మనకు దొరికే ఎంపికలు నాలుగు: మామూలు అట్ట గొట్టం, పైన జిగురు పూత ఉన్న అట్ట గొట్టం, ప్లాస్టిక్ గొట్టం, ఫోము తొడుగు.

మామూలు అట్ట గొట్టం చౌక, తేలిక, వాడి పారేసినా పాత కాగితాల వాళ్లకు పోతుంది. దాని శత్రువు తేమ. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గోడౌనులో నేల మీద పెట్టిన కట్టలోని గొట్టాలు చెమ్మ పీల్చుకుని మెత్తబడి, ప్యాంటు వేయగానే మధ్యలో కుంగిపోతాయి. కట్టలను అటక మీద, ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పెడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. గోడ మందంగా ఉన్న గొట్టాన్ని ఎంచుకోవాలి. రెండు వేళ్ల మధ్య నొక్కితే నలిగిపోయేది ప్యాంటుకు పనికిరాదు. జిగురు పూత ఉన్న గొట్టం ప్యాంటు జారిపోకుండా పట్టి ఉంచుతుంది, పాలియెస్టరు కలిసిన నునుపైన ప్యాంట్లకు అది వరమే. కానీ ఎండాకాలంలో విజయవాడ రేకుల కప్పుల కింద వేడి ఎంతవరకు వెళుతుందో ఇక్కడ దుకాణం నడిపేవారికి చెప్పనక్కరలేదు. నాసిరకం జిగురు ఆ వేడికి కరిగి ముదురు రంగు ప్యాంటు మీద మెరిసే చారగా దిగుతుంది. కాబట్టి జిగురు గొట్టాలను వానాకాలానికి, శీతాకాలానికి ఉంచి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా మామూలు గొట్టం మీద ప్యాంటును నడుము దగ్గర రెండు క్లిప్పులతో నిలపడం మంచిదని నా సలహా.

ప్లాస్టిక్ గొట్టం చెమ్మకు చలించదు, కడిగి మళ్లీ వాడవచ్చు. నునుపు వల్ల ప్యాంటు సులువుగా జారుతుంది, అదే దాని లోపం. ఫోము తొడుగులో మాత్రం జాగ్రత్తగా చూడవలసిన తేడా ఉంది. బజారులో రెండు రకాల ఫోము అమ్ముతారు. పరుపులకు, సోఫాలకు వాడే మెత్తని పాలీయూరిథేన్ ఫోము మొదటి రోజు ఎంతో బాగుంటుంది, వెలుతురుకు పసుపెక్కుతుంది, వేడీ తేమా కలిసిన గాలిలో క్రమంగా జిగటగా మారి పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి నల్లకోటు మీద పడితే బ్రష్షుతో కూడా వదలదు. టీవీ, ఫ్రిజ్ పెట్టెల్లో చుట్టి వచ్చే తెల్లటి పాలిథీన్ ఫోము అంత మెత్తగా ఉండదు కానీ తేమకు చెడదు, పసుపెక్కడం కూడా చాలా తక్కువ. మన వాతావరణానికి ఈ రెండోదే సరి. అమ్మేవారు పేరు చెప్పకపోతే నీళ్లలో ముంచి పిండి చూడండి: స్పాంజిలా నీరు పీల్చుకుంటే అది మొదటి రకం.

ధరను ఒక్కొక్కదానికి ఎంత అని కాకుండా, ఒక్కో వాడకానికి ఎంత అని లెక్కించాలి. లెక్క కోసం అట్ట గొట్టం రెండు రూపాయలని, ఒక్కసారికే పనికొస్తుందని, ఫోము తొడుగు ఆరు రూపాయలని అనుకుందాం. పంపిన నూరు హ్యాంగర్లలో యాభై తిరిగివచ్చే దుకాణంలో ఒక్కో తొడుగు సగటున రెండుసార్లు ఉపయోగపడుతుంది, అంటే వాడకానికి మూడు రూపాయలు. అక్కడ అట్టే చౌక. నూటికి డెబ్బై అయిదు తిరిగివస్తే సగటు వాడకాలు నాలుగవుతాయి, ఖర్చు రూపాయిన్నరకు దిగుతుంది. అక్కడ ఫోము గెలుస్తుంది. మూడింట రెండు వంతులు తిరిగివచ్చే చోట రెండూ సమానం. అందువల్ల ఏ తొడుగు కొనాలన్న ప్రశ్నకు జవాబు కొంతవరకు హ్యాంగరు తెచ్చిస్తే బిల్లులో కొంత తగ్గిస్తామని గోడ మీద రాసిపెట్టడంలో ఉంది. అపార్టుమెంట్లకు నెలవారీ ఖాతా మీద ఇళ్లకు వెళ్లి బట్టలు తెచ్చే దుకాణాలకు తిరుగు హ్యాంగర్లు సులువుగా వస్తాయి. రైల్వే స్టేషను, బస్టాండు దగ్గర లాడ్జీల బట్టలు తీసుకునే దుకాణాలకు దాదాపు రావు.

భుజాలు

కోటుకు, షేర్వానీకి వెడల్పైన భుజం ఆసరా కావాలి. తీగ హ్యాంగరు భుజాలకు తొడిగే ప్లాస్టిక్ భుజకవచాలు, ఫోము భుజాలు, పూర్తి చెక్క హ్యాంగరు అనే మూడింటిలో చెక్కదే అందం, సందేహం లేదు. కానీ పెళ్లిళ్ల నెలల్లో తప్ప కోట్లు రాని దుకాణం చెక్క హ్యాంగర్లను వందల్లో కొని పెట్టుకోవడం అటక నింపుకోవడమే. కోటు దుకాణంలో ఉన్నంతకాలం ప్లాస్టిక్ భుజకవచం మీద ఉంచి, ఇచ్చేటప్పుడు కవచం తీసి దాచుకుంటే, కొద్ది జతలతోనే ఏడాదంతా గడుస్తుంది. భుజకవచంలో ప్లాస్టిక్ రకాన్ని గమనించాలి. అద్దంలా మెరిసే పాలీస్టైరీన్ పెళుసు, కింద పడితే విరుగుతుంది, డ్రై క్లీనింగుకు వాడే పెట్రోలియం ద్రావకం ఇంకా పూర్తిగా ఆరని కోటు తగిలితే దాని ఉపరితలం దెబ్బతింటుంది. కొంచెం మసకగా, వంచితే వంగి తిరిగి నిలిచే పాలీప్రొపిలీన్ అంతకన్నా మన్నికైనది.

వెల్వెట్ హ్యాంగరు ఇంటి బీరువాకు మంచిదే, లాండ్రీకి కాదు. చెమ్మ తగిలిన లేతరంగు బట్టకు దాని రంగు అంటుకునే ప్రమాదం ఉంది, దాని నూగు ధూళిని పట్టి వదలదు. గుంటూరులో మిర్చి యార్డు వైపు ఉన్న దుకాణదారులకు ఆ ధూళి ఎలాంటిదో వివరించనక్కరలేదు.

చీరలు, జరీ

చీరను హ్యాంగరు మీద ఇవ్వాలా, మడిచి ఇవ్వాలా అన్నది ముందు తేల్చుకోవలసిన విషయం. రోలింగు చేసిన తేలికపాటి చీరలు, మంగళగిరి నూలు చీరలు లావాటి అట్ట గొట్టం మీద నాలుగు మడతలుగా వేసి ఇస్తే చూడముచ్చటగా ఉంటాయి. పెద్ద అంచు ఉన్న బరువు పట్టుచీరను మాత్రం రెండు మూడు రోజులకు మించి వేలాడదీయకూడదు: అంచు బరువు కిందికి లాగుతుంటే, కడ్డీ మీద వంగిన చోట జరీ పోగు నలిగి విరుగుతుంది. ఎప్పుడు తీసుకువెళతారో తెలియని చీరను మడతల మధ్య ఆమ్లం లేని కాగితం పెట్టి, మల్లు గుడ్డలో చుట్టి, అరలో పెట్టడమే సరైన పని.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవారు తక్కువ. చీర జారకుండా హ్యాంగరు కడ్డీకి రబ్బరు బ్యాండ్లు చుట్టే అలవాటు ఉంది. రబ్బరును గట్టిపరచడానికి గంధకం వాడతారు. జరీలో వెండి గానీ రాగి గానీ ఉంటే రెండూ గంధకానికి నల్లబడతాయి. జరీ తగిలే చోట రబ్బరు ఏ రూపంలోనూ ఉండకూడదు. జారకుండా పట్టు కావాలంటే సిలికోన్ పట్టీలు వాడాలి, లేదా గొట్టం మీద ముతక నూలు గుడ్డ చుట్టి కుట్టాలి. రెండోదానికి టైలరు దగ్గరి గుడ్డ ముక్కలు చాలు, ఉతుక్కోవచ్చు, నా దృష్టిలో చీరలకు ఇంతకు మించిన తొడుగు లేదు. లెహంగాలకు క్లిప్పులు పెట్టేవారు క్లిప్పు పళ్ల కింద మెత్తని పీవీసీ బదులు గుడ్డ ముక్క పెట్టాలి. మెత్తని పీవీసీ వేడికి తనలోని నూనె పదార్థాన్ని వదిలి పట్టు మీద మచ్చ వేస్తుంది.

తెల్లబట్టలు, కవర్లు, చీటీలు

రాజకీయ నాయకుల ఖద్దరు చొక్కాలు, పంచెలు, గుడికి కట్టుకునే ఉత్తరీయాలు, వైద్యుల కోట్లు: తెల్లబట్ట ఇక్కడ పెద్ద వ్యాపారం. గంజి పెట్టిన చొక్కా గాలిలోని చెమ్మకు మెత్తబడి కాలరు వాలిపోతుంది కాబట్టి, హ్యాంగరు మీద ఇచ్చే తెల్లచొక్కాకు కాలరు లోపల పెట్టే ప్లాస్టిక్ పట్టీ, పై బొత్తాం కింద సీతాకోకచిలుక ఆకారంలో ఉండే అట్టముక్క తప్పనిసరి అనే చెప్పాలి. రెండూ అణాల ఖర్చు, కానీ ఖాతాదారుడి కన్ను ముందుగా పడేది అక్కడే.

కవరు ఎంపికలో తెలియక జరిగే నష్టం పసుపు. కొన్ని పాలిథీన్ కవర్లలో ప్లాస్టిక్ చెడిపోకుండా కలిపే బీహెచ్‌టీ అనే పదార్థం, వాహనాల పొగలో ఉండే నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి తెల్లబట్టను పసుపెక్కిస్తుంది. బెంజి సర్కిల్ వంటి రద్దీ కూడళ్లలో రోడ్డు పక్కనే ఉన్న దుకాణాలకు ఇది దూరపు మాట కాదు. తెల్లబట్టలకు పాలిథీన్ బదులు భుజాల మీద కప్పే కాగితపు టోపీ, లేదా నాన్‌వోవెన్ (నేయకుండా పోగులు అతికించి చేసిన గుడ్డలాంటి) కవరు మేలు. పాలిథీనే వాడేవారు ఇస్త్రీ అయిన బట్ట పూర్తిగా చల్లారి, ఆవిరి పోయేదాకా కవరు తొడగరాదు. లేకపోతే లోపలి తడి బూజుకు దారి తీస్తుంది. ఇంటికి వెళ్లగానే కవరు తీసేయమని, చిన్నపిల్లలకు అందకుండా పారేయమని చీటీలో ఒక వాక్యం అచ్చు వేయించడం మర్యాద. మడత బట్టలను చేతిసంచిలో ఇచ్చే దుకాణాలు 2022 డిసెంబరు 31 నుంచి ప్లాస్టిక్ చేతిసంచుల కనీస మందం 120 మైక్రాన్లని, నాన్‌వోవెన్ సంచులకు 2021 సెప్టెంబరు 30 నుంచి 60 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 60 గ్రాముల బరువు) అని గుర్తుంచుకోవాలి.

చీటీలను స్టేప్లరు పిన్నుతో బట్టకు గుచ్చడం మానుకోవాలి. తడిలో ఆ పిన్నే మొదట తుప్పు పడుతుంది. నూలు దారంతో కట్టినా, వేడితో అతికే లేబులు వేసినా, ఇత్తడి పిన్నీసు వాడినా సరే. హ్యాంగరు మెడకు వేసే రంగు బిళ్లలు కొంటే మాత్రం ఇచ్చిన ప్రతి రూపాయికీ ఫలితం కనిపిస్తుంది: సోమవారానికి ఎరుపు, మంగళవారానికి పచ్చ ఇలా ఇవ్వవలసిన రోజును బట్టి రంగు పెడితే పట్టీ మీద వందల బట్టల మధ్య ఏది మిగిలిపోయిందో దూరం నుంచే తెలుస్తుంది.

ఏ దుకాణం ఎక్కడ మొదలుపెట్టాలి

వీధిలో ఇస్త్రీ, ఉతుకు మాత్రమే చేసే చిన్న దుకాణానికి 14 గేజి హ్యాంగరు, మెడ గొట్టం ముక్క, మామూలు అట్ట గొట్టం చాలు. మిగిలినవి ప్రస్తుతానికి అనవసరం. గవర్నరుపేట, బ్రాడీపేట వంటి చోట్ల పట్టుచీరలు, పెళ్లి బట్టలు ఎక్కువగా తీసుకునే డ్రై క్లీనింగ్ దుకాణం మొదటి ఖర్చు గుడ్డ చుట్టిన లావు గొట్టాల మీద, తరువాతిది కొద్ది జతల భుజకవచాల మీద పెట్టాలి. స్కూటరు మీద ఇంటింటికీ చేర్చే దుకాణం అసలు హ్యాంగరు అవసరమా అని మళ్లీ ఆలోచించాలి. హ్యాండిలుకు తగిలించిన చొక్కాలు గాలికి ఎగిరి, ఎంత జిగురు గొట్టమైనా జారి నలుగుతాయి. ఆ దుకాణానికి కాలరు పట్టీ, వెనుక అట్ట, పెట్టెలో మడత అన్నదే సరైన ఎంపిక. కోట్లు, చీరలను మాత్రం ఆటోలో, అడ్డంగా కట్టిన కడ్డీ మీద పంపించాలి.

ఏది కొన్నా ముందుగా నమూనాలు తెచ్చుకుని పరీక్షించాలి. తొడుగు వేసిన హ్యాంగరుకు తడిపి పిండిన తెల్ల పాప్లిన్ గుడ్డ చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, రేకు కప్పు కింద వేడి తగిలే చోట వారం రోజులు వేలాడదీయండి. గుడ్డ మీద గోధుమరంగు గీత వస్తే పూత మంచిది కాదు, రంగు దిగితే తొడుగు మంచిది కాదు, జిగట అంటితే జిగురు మంచిది కాదు. పట్టుచీరల దుకాణమైతే అదే సంచిలో ఒక పాత జరీ అంచు ముక్క కూడా వేసి, తొడుగుకు ఆనించి కట్టాలి. అది నల్లబడితే ఆ సరుకును ఎంత తక్కువ ధరకు ఇస్తామన్నా తిప్పి పంపండి.